అద్భుతాన్ని తూచే తక్కెడ
తెలుగు వార్తా ఛానళ్ల సంపాదకులకు బహిరంగ లేఖ

అమీర్‌పేట, హైదరాబాద్

గౌరవనీయులైన తెలుగు వార్తా ఛానళ్ల సంపాదకులకు, వార్తా విభాగాల బాధ్యులకు,



విగ్రహం కళ్లు తెరిచిందనో, పటం నుంచి విభూతి రాలుతోందనో, శిలువ పాదాల నుంచి నీరు కారుతోందనో, దర్గాలో మొక్కుకోగానే మంచాన పడిన మనిషి లేచి నడిచాడనో ఏదో ఒక ఊరి నుంచి కబురు రాగానే కెమెరాను పరుగెత్తించి, తెర అడుగున ఎర్ర పట్టీలో ‘అద్భుతం’ అన్న మాటను గంటల తరబడి తిప్పి, ఆనక ఆధారమేమిటని ఎవరైనా అడిగితే ‘భక్తుల విశ్వాసాన్ని చూపించాం, అంతకు మించి ఏమీ చెప్పలేదు’ అని మీరు ఇచ్చే సమాధానాన్ని అంగీకరించడం సాధ్యం కానందువల్లనే ఈ లేఖ రాయవలసి వచ్చింది. ఏ వార్తను ఎత్తుకోవాలో, ఎంతసేపు చూపాలో, ఏ మాటతో పిలవాలో నిర్ణయించేది మీరే అయినప్పుడు, ఆ మాటకు బాధ్యత మాత్రం గుడి ముందు నిల్చున్న భక్తుడిదెలా అవుతుంది? ఒక వంతెన కూలిందని ఎవరో చెబితే కూలిందో లేదో చూడకుండా మీరు ప్రసారం చేయరు కదా; మరి ప్రకృతి నియమమే ఒక పూట ఆగిపోయిందని చెప్పినప్పుడు ఆపాటి జాగ్రత్త ఎందుకు అక్కర్లేకపోయింది?

దేవుడు ఉన్నాడా లేడా అన్న ప్రశ్న ఈ లేఖకు సంబంధించినది కాదు. భక్తికి సాక్ష్యంతో పని లేదు, అది మనిషికీ అతని దైవానికీ నడుమ ఉండే బంధం. వార్తకు మాత్రం సాక్ష్యమే ప్రాణం. ఫలానా చోట, ఫలానా రోజున, ఫలానా సంఘటన జరిగిందని చెప్పిన మరుక్షణం ఆ మాట భక్తి పరిధి దాటి వాస్తవాల పరిధిలోకి వస్తుంది, అక్కడ దాన్ని తూచవలసిన తక్కెడ మీ చేతిలో ఉంటుంది. ఆ తక్కెడను పక్కన పెట్టేసి మీరు చేస్తున్న నష్టం హేతువాదులకే పరిమితం కాదని, అది భక్తులకూ అంతే తగులుతుందని చూపడం ఈ లేఖ ఉద్దేశం.

మీ ప్రసారాలు చేరే చోటు ఎలాంటిదో ఒకసారి గుర్తు చేసుకోండి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అన్ని జిల్లాల యువతీయువకులు హాస్టల్ గదుల్లో సర్దుకుని ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటారు. అక్కడ తొలి రోజుల్లోనే చెప్పే పాఠం ఒకటుంది: ప్రోగ్రాంలో లోపం కనిపించిందని చెబితే చాలదు, ఏయే మెట్లు వరుసగా నడిస్తే అదే లోపం మరొకరి కంప్యూటర్‌లోనూ మళ్లీ కనిపిస్తుందో రాసి ఇవ్వాలి, అలా మళ్లీ చూపలేని ఫిర్యాదును ఏ కంపెనీ వెంటనే ఖాయం చేసుకోదు. మెట్రోలో ఒక్క స్టేషన్ దాటితే పంజాగుట్ట, అక్కడ నిమ్స్ ఆసుపత్రి. 2020 జులైలో కొవాగ్జిన్ టీకా తొలి దశ పరీక్షలు జరిగిన ఆసుపత్రుల్లో అదొకటి. దేశమంతటా 11 ఆసుపత్రుల్లో 375 మంది వలంటీర్లపై ఆ పరీక్ష జరిగింది. ఎవరికి టీకా అందిందో, ఎవరికి టీకా పదార్థం లేని సూది మందు అందిందో వేయించుకున్నవారికీ తెలియకుండా, ఫలితాలను గమనించేవారికీ తెలియకుండా దాన్ని నడిపారు. రెండు వైపులా కళ్లకు గంతలు కట్టిన ఇలాంటి పరీక్షనే శాస్త్రవేత్తలు ద్వంద్వ అంధ పరీక్ష అంటారు, మనిషి ఆశ అతని చూపును వంచకుండా కాపాడటమే దాని ప్రయోజనం. ఊళ్లకు ఊళ్లు మహమ్మారితో వణుకుతున్న రోజుల్లో కూడా ఒక టీకాకు ఇంత పరీక్ష పెట్టిన నగరంలో, పక్షవాతం నిమిషంలో మాయమైందన్న మాటకు కనీసం ఒక ప్రశ్న కూడా పెట్టకుండా మీరు వదిలేయడం ఏ న్యాయం?

ఈ విషయంలో తెలుగు నేల, దేశం చూసిన పెద్ద పాఠం 1995 సెప్టెంబర్ 21న జరిగింది. ఆ రోజు తెల్లవారకముందే ఢిల్లీలోని ఒక ఆలయంలో వినాయకుడు పాలు తాగుతున్నాడన్న మాట పుట్టి, మధ్యాహ్నానికల్లా హైదరాబాద్‌తో సహా దేశంలోని ఊరూరికీ, అక్కడి నుంచి లండన్ శివార్ల ఆలయాలకూ పాకింది. గుళ్ల ముందు గ్లాసులు, చెంచాలు పట్టుకుని జనం బారులు తీరారు. ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తా ఛానల్ ఒక్కటైనా లేని రోజు అది, కబురు టెలిఫోన్ల మీదా నోటి మాట మీదా నడిచింది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ శాస్త్రవేత్తలు ఆలయానికి వెళ్లి చేసిన పని చాలా చిన్నది, తెల్లని పాలలో కాస్త రంగు కలిపారు. అంతే, విగ్రహం లోపలికి పోతున్నాయనుకున్న పాలు నిజానికి ఎక్కడికి పోతున్నాయో రంగు గీతగా విగ్రహం ఒంటి మీదే కనిపించింది.

ఆ చెంచాను దగ్గర నుంచి చూస్తే రహస్యం ఏమీ మిగలదు. చెంచాను అంచు దాకా పాలతో నింపినప్పుడు పాల ఉపరితలం అంచును దాటి కొంచెం ఉబ్బి, కారిపోకుండా నిలుస్తుంది. ద్రవం పైపొర సాగదీసిన పలుచని తోలులా ప్రవర్తించే ఈ గుణాన్ని తలతన్యత అంటారు. ఆ ఉబ్బును అప్పటికే అభిషేకంతో తడిసిన రాతికి ఆనించి చెంచాను కొద్దిగా వంచితే, తడి రాయి పాలను తనవైపు లాగుతుంది, ఆ లాగుడుకు తెగిన అంచు నుంచి పాలు సన్నని పొరగా విగ్రహం గడ్డం కిందుగా, పొట్ట మీదుగా జారిపోతాయి. తెల్లని పాలరాయి మీద తెల్లని పొర కంటికి ఆనదు, చెంచా మాత్రం ఖాళీ అవుతుంది. చెంచా పట్టుకున్న భక్తుడు అబద్ధం చెప్పలేదు. చెంచా ఖాళీ కావడం అతను చూశాడు, పాలు తాగడం మాత్రం అతను చూడలేదు, ఊహించాడు. చూసినదానికీ ఊహించినదానికీ మధ్య ఉన్న ఈ వెంట్రుకవాసి తేడాను పట్టుకుని ప్రేక్షకుడికి చూపడమే విలేకరి పని కాదా? మట్టి బొమ్మ, స్టీలు చెంచా, రెండు చుక్కల కుంకుమ నీళ్లు ఉంటే ఏ స్టూడియోలోనైనా అరగంటలో తేలే విషయానికి, ఆ అరగంట వెచ్చించడానికి మీకు తీరిక ఎందుకు దొరకదు?

ఆధారాన్ని తూచడం పడమటి నుంచి అరువు తెచ్చుకున్న అలవాటని మీలో కొందరు అనుకోవచ్చు. కాని గౌతముని న్యాయసూత్రాలు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని జ్ఞానానికి నాలుగు మార్గాలు చెప్పాయి, వీటినే ప్రమాణాలంటారు. వాటిలో ప్రత్యక్షం, అంటే ఇంద్రియాలతో నేరుగా తెలుసుకోవడం కూడా పొరపాటు లేనిదై, సందేహానికి తావులేకుండా తేలినదై ఉంటేనే ప్రమాణమని ఆ శాస్త్రం షరతు పెట్టింది. దూరం నుంచి చూసినవాడికి కనిపించేది పొగా, దుమ్మా అన్నది తేలకపోతే అది నిశ్చయ జ్ఞానం కాదని భాష్యకారుడైన వాత్స్యాయనుడు వివరించాడు. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెతను అద్భుత వార్తలకు అండగా తెచ్చేవారు, ముందుగా కనిపించింది పొగేనని తేల్చుకోవాలని ఆ ప్రాచీన తార్కికుడే చెప్పాడని గమనించాలి.

శబ్ద ప్రమాణం, అంటే ఇతరుల మాట ఆధారంగా తెలుసుకోవడం విషయంలో వాత్స్యాయనుడు మరింత కచ్చితంగా ఉన్నాడు. ఎవరి మాటను ప్రమాణంగా తీసుకోవచ్చో ఆ వ్యక్తిని ఆప్తుడన్నాడు. విషయాన్ని స్వయంగా తెలుసుకున్నవాడు, తెలుసుకున్నది తెలుసుకున్నట్టే చెప్పాలన్న కోరిక ఉన్నవాడు, అలా చెప్పగలిగినవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ ఒక్కటేనని కూడా ఆయన చెప్పాడు, అంటే మాట విలువను పుట్టుకా వేషమూ నిర్ణయించవు. లక్షల ఇళ్లలో మాట వినిపించే మీకు తెలుగు సమాజం ఇచ్చిన స్థానం సరిగ్గా ఈ ఆప్తుని స్థానమే. స్వయంగా తెలుసుకోకుండా, ‘చెబుతున్నారు’, ‘అంటున్నారు’, ‘ప్రచారం జరుగుతోంది’ అన్న మూడు మాటల చాటున నిలబడి అదే స్థానాన్ని అనుభవించడం ధర్మమేనా?

ఇదే తూకాన్ని 1748లో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ మరో విధంగా చెప్పాడు: ఒక అద్భుతం జరిగిందన్న సాక్ష్యం నిలవాలంటే, ఆ సాక్ష్యం తప్పు కావడం ఆ అద్భుతం కంటే మరింత నమ్మశక్యం కానిదై ఉండాలి. దీని వెనుక ఉన్న లెక్క నిమ్స్‌లో రక్తపరీక్ష రాసే ఏ వైద్యుడికైనా తెలిసినదే. పదివేల మందిలో ఒకరికి మాత్రమే వచ్చే వ్యాధి ఉందనుకుంటే, నూరు సార్లలో ఒక్కసారి మాత్రమే పొరబడే పరీక్షను ఆ పదివేల మందికీ చేసినప్పుడు, నిజంగా వ్యాధి ఉన్న ఆ ఒక్కరితో పాటు దాదాపు నూరుగురు ఆరోగ్యవంతులకూ వ్యాధి ఉన్నట్టే ఫలితం వస్తుంది, కాబట్టి ఉందని తేలిన నూటొక్కరిలో నిజమైన రోగి ఒక్కడే. ఎంత మంచి సాక్షి అయినా, చెప్పే సంగతి ఎంత అరుదైనదైతే అతను పొరబడి ఉండే అవకాశం అంత ఎక్కువగా లెక్కలోకి రావాలన్నది దీని సారం. ఈ లెక్కకు పునాది వేసిన థామస్ బేయస్ వ్యాసాన్ని, అతను మరణించాక 1763లో వెలుగులోకి తెచ్చిన రిచర్డ్ ప్రైస్ స్వయంగా మతాచార్యుడు, హ్యూమ్ వాదాన్ని ఒప్పుకోనివాడు. ఒకరి ప్రభావం మరొకరిపై లేని సాక్షులు పలువురు ఒకే మాట చెబితే ఎంత అరుదైన సంగతినైనా నమ్మవలసి రావచ్చన్నది అలాంటి విశ్వాసులకు ఉన్న బలమైన వాదం, అది న్యాయమైన వాదం కూడా.

సంపాదకులారా, మీ బాధ్యత అసలు మొదలయ్యేది ఈ చోటనే. సాక్షులకు విలువ వచ్చేది వారు ఒకరి నుంచి ఒకరు వినకుండా, ఎవరికి వారుగా చూసినప్పుడు. ఒక కాలనీలో ఉదయం ఆరు గంటలకు ఒక ఇల్లాలు పూజగదిలో పటం మీద బూడిద చూసిందనుకుంటే, ఏడు గంటలకు మీరు దాన్ని ‘విభూతి వర్షం’గా ప్రసారం చేశాక, ఎనిమిది గంటలకు అదే ఊళ్లో మరో పది ఇళ్లవారు తమ పటాలను తేరిపార చూసుకుంటారు, అందులో రెండిళ్లలో అగరొత్తుల నుసి కూడా విభూతే అవుతుంది, సాయంత్రానికి మీ తెర మీద ‘పలు ఇళ్లలో అద్భుతం’ అన్న పట్టీ నడుస్తుంది. ఆ రెండిళ్లవారు కొత్త సాక్షులు కారు, మీ ప్రసారానికి ప్రతిధ్వనులు. నేరం జరిగిన చోట పోలీసులు తాడు కట్టి ఎవరినీ లోపలికి రానివ్వకపోవడానికి కారణం వేలిముద్రలు చెరిగిపోకూడదనే కదా. మరి అద్భుతం జరిగిందంటున్న చోటికి వేలమందిని మీరే తోలి, ఉన్న ఆనవాళ్లన్నీ తొక్కించివేస్తే, నిజం ఏమిటో ఇక ఎవరు తేల్చగలరు? అక్కడ నిజంగానే అపూర్వమైనదేదో జరిగి ఉంటే దాన్ని ఎన్నటికీ రుజువు కాకుండా చేసింది నాస్తికులా, మీరా?

బూడిద విషయమే మరికొంత చూడవలసి ఉంది. అల్యూమినియం చట్రానికి మెర్క్యురిక్ క్లోరైడ్ అనే పాదరస లవణం తగిలితే, ఆ లోహాన్ని గాలి నుంచి కాపాడే పైపొర చెదిరి, అల్యూమినియం గాలిలోని ప్రాణవాయువుతో, తేమతో కలిసి తెల్లని బూడిదలా పొంగి రాలుతుంది. బి. ప్రేమానంద్ వంటి హేతువాదులు ఊరూరా తిరిగి ప్రజల కళ్ల ముందే దీన్ని చేసి చూపారు. ఆ లవణం విషం కూడా, అలా రాలిన పొడిని ప్రసాదమనుకుని నాలుక మీద వేసుకునే పసివాడికి జరిగే హాని మాటేమిటి? అయినా ఒక పటం నుంచి ఇలా బూడిద రాలించవచ్చు గనుక ప్రతి పటం నుంచీ ఇలాగే రాలిందని అనడం కూడా తర్కదోషమే. చట్రం ఏ లోహంతో చేసినది, పొడిలో ఏముంది, పటం ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్నవి చూస్తేనే ఆ పటం సంగతి తేలుతుంది, ఆ చూడటాన్నే పరిశోధన అంటారు.

అలాంటి పరిశోధనకు తెలుగు సరిహద్దు ప్రాంతమైన గౌరిబిదనూరు తాలూకాలో పుట్టిన ఒక గాంధేయవాది బాట వేశాడు. బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్న హెచ్. నరసింహయ్య 1976లో అద్భుతాల పరిశీలనకు ఒక సంఘాన్ని నియమించి, పుట్టపర్తి సత్యసాయిబాబాకు లేఖలు రాసి, నియమబద్ధమైన పరిస్థితుల్లో తమ అద్భుతాలను చూపవలసిందిగా మర్యాదగా కోరారు. ఆ పరీక్ష జరగనే లేదు. సత్యసాయిబాబా సేవా సంస్థల చొరవతో పుట్టపర్తిలో 1991లో ఉచిత సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి వచ్చింది, అప్పటి అనంతపురం జిల్లాలోని వందల గ్రామాలకు తాగునీరు అందింది, ఈ రెండింటికీ ఎవరైనా చేతులెత్తి నమస్కరించవలసిందే. కాని దానం ఎంత గొప్పదైనా అది దాత మనసుకు సాక్ష్యం అవుతుందే గాని, గాలిలోంచి ఆయన చేతిలో ఉంగరం పుట్టిందనడానికి సాక్ష్యం కాదు. ఈ రెంటినీ కలగలిపి చూపే కథనాలు ఆ సేవకూ న్యాయం చేయవు, సత్యానికీ చేయవు.

నిప్పుల మీద నడక కూడా ఇలాంటిదే. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ నాడు అలావా నిప్పులు తొక్కేవారున్నారు, వీరభద్రుని గుళ్ల దగ్గర గుండం దాటేవారున్నారు. కాలకపోవడానికి కారణం భక్తేనా అన్నది తేలాలంటే భక్తి లేనివాడు అదే గుండంలో నడిస్తే ఏమవుతుందో చూడాలి, ఇలా పోల్చి చూడటాన్ని నియంత్రిత పరీక్ష అంటారు. గోరా స్థాపించిన విజయవాడ నాస్తిక కేంద్రం దేవుణ్ణి నమ్మనివారిని బహిరంగంగా నిప్పుల మీద నడిపించి ఆ పరీక్షను పూర్తి చేసింది. 1935లో ఇంగ్లండ్‌లో కుదాబక్స్ అనే భారతీయుడి నిప్పుల నడకను శాస్త్రవేత్తలు కొలతలు వేసి మరీ గమనించారు. కణకణలాడే బొగ్గు వేడిని నెమ్మదిగా మాత్రమే అందిస్తుంది, అడుగు నిప్పుకు ఆనేది క్షణంలో కొంత భాగమే, అందువల్ల చకచకా నడిచేవాడి పాదం సాధారణంగా బొబ్బలెక్కదు. నడిచేవాడి ధైర్యం, దీక్ష నిజమైనవే. వాటిని గౌరవిస్తూనే కారణాన్ని కూడా చెప్పడం మీకు ఎందుకు కష్టమవుతోంది?

అన్నిటికంటే ప్రమాదకరమైనవి రోగాలు నయమయ్యాయన్న కథనాలు. అమీర్‌పేట పక్కనే బల్కంపేట ఎల్లమ్మ ఆలయంలో అమ్మవారు నేలమట్టానికి దిగువన బావిలో కొలువై ఉంది, అక్కడి నీటిని భక్తులు తీర్థంగా కళ్లకు అద్దుకుంటారు, ఆషాఢంలో కల్యాణం చూడటానికి నగరమంతా కదిలి వస్తుంది. ఇందులో ఎవరికీ ఏ అభ్యంతరమూ ఉండనక్కర్లేదు. అయితే ఫలానా తీర్థం తాగితే ఫలానా జబ్బు పోయిందని మైకు ముందు ఒకరు చెప్పి, మీరు దాన్ని యథాతథంగా వినిపించినప్పుడు అది వైద్యానికి సంబంధించిన వాదన అవుతుంది. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో ఉబ్బసం రోగులకు కొర్రమీను పిల్ల నోట పెట్టి ఉచితంగా ఇచ్చే చేప ప్రసాదం విషయంలోనూ ఇదే చర్చ. 1845లో ఒక సాధువు ఇచ్చిన రహస్యంగా చెప్పుకొనే ఆ పదార్థాన్ని మందు అనాలా, ప్రసాదం అనాలా అన్న వివాదం న్యాయస్థానం మెట్లు కూడా ఎక్కింది. ఉబ్బసం ఋతువును బట్టి పెరిగి తగ్గే జబ్బు. బాగా ముదిరినప్పుడే మనిషి ఎక్కడికైనా పరుగెత్తుతాడు, ముదిరినది తరచూ ఏమీ చేయకున్నా కొంత తగ్గుతుంది, ఆ తగ్గుదల చివరగా చేసిన పని ఖాతాలో పడుతుంది. తగ్గినవాడు వచ్చే ఏడు మళ్లీ వచ్చి మీ కెమెరా ముందు మాట్లాడతాడు, తగ్గనివాడు ఇంటి దగ్గరే ఉండిపోతాడు, ఇన్‌హేలర్ మానేసి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో చేరినవాడి దగ్గరికి మీ కెమెరా వెళ్లదు. లెక్కకు రాని ఆ మనుషులను వెతకడం ఎవరి పని?

మతాలు కూడా ఈ తూకాన్ని తప్పుగా భావించలేదని మీకు గుర్తు చేయవలసి ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో లంబెర్తినీ అనే కేథలిక్ మతాధికారి, తరువాతి కాలంలో పోప్ అయినవాడు, స్వస్థత అద్భుతానికి నిబంధనలు రాశాడు: జబ్బు తీవ్రమైనదై ఉండాలి, దానంతట అది తగ్గే దశలో ఉండకూడదు, మందులు పనిచేసి ఉండకూడదు, నయం కావడం హఠాత్తుగా, సంపూర్ణంగా జరగాలి, మళ్లీ తిరగబెట్టకూడదు. ఫ్రాన్స్‌లోని లూర్డ్ తీర్థంలో 1858 నుంచి లక్షలాది మంది యాత్రికులు వచ్చినా, దాదాపు ఏడు వేల స్వస్థతల నమోదుల్లో 2018 నాటికి చర్చి అద్భుతమని అంగీకరించినవి 70 మాత్రమే. అంత వడపోత తరువాత కూడా వివాదాలు ఆగలేదు. 2003లో మదర్ థెరిసాను ధన్యురాలిగా ప్రకటించడానికి ఆధారమైన పశ్చిమ బెంగాల్ మహిళ స్వస్థత విషయంలో, అది మందులతోనే తగ్గిందని ఆమెకు చికిత్స చేసిన వైద్యులు చెప్పారు. మతపీఠమే ఏడు వేలల్లో 70 మాత్రం తీసుకుని మిగిలినవాటిని పక్కన పెట్టగలిగినప్పుడు, వచ్చిన ప్రతిదానినీ అద్భుతమని ప్రకటించే మీరు మతపీఠం కంటే ఎక్కువ విశ్వాసులా, లేక తక్కువ శ్రద్ధ గలవారా?

ప్రశ్నిస్తే మనోభావాలు దెబ్బతింటాయన్న భయం మీకు ఉండవచ్చు, అది పూర్తిగా నిరాధారం కాదు. 2012లో ముంబయిలో ఒక చర్చి శిలువ నుంచి కారుతున్న నీరు మురుగు కాలువ నుంచి గోడలోని సన్నని రంధ్రాల గుండా పైకి పాకి వస్తున్నదేనని చూపిన హేతువాది సనల్ ఎడమరుకు మీద కేసులు పడ్డాయి, ఆయన ఫిన్లాండ్ వెళ్లి ఉండవలసి వచ్చింది. ద్రవం సన్నని దారుల్లో తనంతట తాను ఎగబాకే ఈ గుణాన్ని కేశనాళికీయత అంటారు, దీపపు వత్తిలోకి నూనె ఎక్కేది కూడా దీనివల్లనే. వత్తిని వివరించినందుకు ఎవరి మనోభావమూ గాయపడదు గాని శిలువను వివరిస్తే గాయపడుతుందంటే, ఆ గాయానికి మందు వివరణ ఆపడం కాదు, మరింత మర్యాదగా, అన్ని మతాలకూ ఒకే కొలతతో వివరించడం. ఒక్కొక్క హేతువాదిని ఒంటరిగా నిలబెట్టి దాడులకు వదిలేయడానికి బదులు సంపాదకులందరూ కలిసి ఒకే నియమం పాటిస్తే భయపడవలసింది ఏముంటుంది?

నియమాలు కొత్తగా రాయనక్కర్లేదు కూడా. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అని చెప్పింది. మీరు కూడా పౌరులే. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్ నియమావళిలోని కార్యక్రమాల స్మృతి, మూఢనమ్మకాలను, గుడ్డి నమ్మకాన్ని ప్రోత్సహించే కార్యక్రమాలను నిషేధించింది. వార్తా ప్రసార సంస్థలు తమకు తాముగా రాసుకున్న ప్రవర్తనా నియమావళి కూడా మూఢనమ్మకాలను గొప్పచేసి చూపరాదని, అలాంటి వార్త ఇవ్వవలసి వస్తే ప్రేక్షకులకు హెచ్చరిక చేయాలని ఒప్పుకుంది. తాయెత్తులు, మంత్రాలు రోగాలు కుదురుస్తాయన్న ప్రకటనలను 1954 నాటి చట్టం నేరంగా పరిగణించింది. డబ్బు తీసుకుని వేస్తే నేరమయ్యే మాట, వార్త పేరుతో ఉచితంగా వేస్తే పుణ్యమవుతుందా?

నిమ్స్ ఓపీ చీటీ చేతబట్టుకుని వరుసలో నిల్చున్న ఒక అటెండెంట్‌ను ఊహించండి. లోపల అతని తల్లి ఉంది, డాక్టర్ చెప్పిన ఖర్చు విని గుండె జారింది, ఎదురుగా ఫోన్ తెర మీద మీ ఛానల్ ‘డాక్టర్లు చేతులెత్తేసినా స్వామి కాపాడాడు’ అని చెబుతోంది. ఆ ఒక్క వాక్యం ఆ క్షణంలో అతనికి వార్తగా వినిపించదు, దారిగా కనిపిస్తుంది. అతను వరుసలోంచి పక్కకు జరిగితే ఆ తల్లికి ఏమవుతుందో ఏ ఛానల్ చూపిస్తుంది?

అందువల్ల ఈ లేఖ మీ ముందు పెడుతున్న కోరికలు ఐదు. అద్భుతమన్న మాటను నిర్ధారణ అయ్యేదాకా శీర్షికలో వాడవద్దు. మొదట చూసినవారెవరు, ఎప్పుడు చూశారు, దేన్ని కళ్లారా చూశారు, దేన్ని ఊహించారు అన్నవి విడివిడిగా అడిగి, ఆ నమోదు పూర్తయ్యేదాకా జనాన్ని పోగుచేసే ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టవద్దు. స్థానిక కళాశాల భౌతిక, రసాయన శాస్త్ర అధ్యాపకుడినో వైద్యుడినో అర్చకుడి పక్కనే, అంతే గౌరవంతో కూర్చోబెట్టండి. స్వస్థత వాదన అయితే ముందటి, తరువాతి వైద్య పత్రాలు చూడనిదే ప్రసారం చేయవద్దు. కారణం తేలిన రోజున, అద్భుతమని ఎంతసేపు చెప్పారో అంతసేపూ, అదే వేళకు, ఆ కారణాన్ని చెప్పండి. ఈ ఐదింటినీ గుడికీ, మసీదుకూ, చర్చికీ, గురుద్వారాకూ ఒకే తీరున వర్తింపజేయండి.

ఇంత చేశాక కూడా వివరణకు లొంగని సంఘటన ఒకటి మిగిలిందనుకోండి. దాన్ని ‘వివరణ ఇంకా దొరకనిది’ అని నిజాయితీగా చెప్పవచ్చు, అప్పుడు ఆ మాటకు బరువు ఉంటుంది, భక్తుడూ శాస్త్రవేత్తా ఇద్దరూ చెవి యొగ్గి వింటారు. అలా తూచి చెప్పిన ఒక్క వార్త కోసం ఇన్నేళ్లుగా తెలుగు ప్రేక్షకులు ఎదురు చూస్తున్నారు. చెంచాలో రెండు చుక్కల రంగు కలిపే ఓపిక మీకు ఎప్పుడు వస్తుంది?

సత్యం పట్ల గౌరవంతో,
అమీర్‌పేట వాసి అయిన ఒక పౌరుడు